ఇంటింటి నాడి

తెలుగువారి నిత్యవ్యవహారంలో 'నాడి' అనే మాటకు గల వ్యాప్తి గమనార్హమైనది. ప్రజల నాడి తెలిసిన నాయకుడంటారు. పాఠకుల నాడి పట్టుకున్న రచయిత అంటారు. పైకి కనిపించని స్థితిని పైనుంచే తాకి గ్రహించడమనే భావం ఈ పలుకుబడులన్నింటికీ మూలం. ఆ భావం వైద్యవిద్య నుంచి లోకవ్యవహారంలోకి వచ్చింది. వాతం ప్రకోపించినప్పుడు నాడి పామువలె, జలగవలె నడుస్తుందనీ, పిత్తం ప్రకోపిస్తే కాకివలె, కప్పవలె గెంతుతుందనీ, కఫం ప్రకోపిస్తే హంసవలె, పావురంవలె మెల్లగా సాగుతుందనీ శార్‌ఙ్గధర సంహిత వర్ణించింది. ఆంధ్రదేశంలోని వైద్యులకు తరతరాలుగా కరదీపికయైన బసవరాజీయం కూడా నాడీపరీక్షకు పెద్దపీట వేసింది. కావ్యంలో అలంకారమైన ఉపమానం వైద్యంలో కొలమానమైంది. అంకెలు లేని కాలంలో వైద్యునికి ఉపమానమే అంకె!

అయితే ఆ కొలత వైద్యుని మూడువేళ్ళ కొనలలోనే ఉండేది. రోగి చేయి చాచేవాడు, వైద్యుడు కన్నులు మూసుకొని నాడి చూసేవాడు. ఆయన ఏమి గ్రహించాడో ఆయనకే తెలుసు. తన దేహంలో ఏమి జరుగుతున్నదో రోగికి మాత్రం తెలిసేది కాదు. నేడు ఆ స్థితి తలకిందులైంది. మందుల డబ్బా పక్కన గ్లూకోమీటరు, అలమరలో బి.పి. యంత్రం, దేవుని గూటి చెంత థర్మామీటరు ఉన్న ఇళ్ళు అసంఖ్యాకం. దేశంలో మధుమేహంతో జీవిస్తున్నవారు 10 కోట్లకు పైబడి ఉన్నారని భారతీయ వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రచురితమైన సర్వే వెల్లడించింది. ఇన్ని ఇళ్ళలో ఆ చిన్న తెరమీది అంకెను చదివి పెద్దలకు చెప్పేవారు చాలాచోట్ల కళాశాలలో చదివే పిల్లలే. వైద్యుని మూడువేళ్ళ బాధ్యతలో కొంత భాగం ఏ ప్రకటనా లేకుండానే వారి చేతికి వచ్చిందన్నమాట.

మధుమేహాన్ని భారతీయ వైద్యులు అతిప్రాచీనకాలంలోనే గుర్తించారు. ఆయుర్వేదం ప్రమేహాలు 20 రకాలని చెప్పి, మధుమేహాన్ని వాటిలో ఒకటిగా లెక్కించింది. రోగి మూత్రానికి చీమలు చేరడాన్ని చరకసంహిత పేర్కొన్నది. ఆ రోజుల్లో చీమలే ప్రయోగశాల! పాశ్చాత్యదేశాలలో 1674లో థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు రోగి మూత్రం తియ్యగా ఉంటుందని రాశాడు. ఆ తీపికి కారణం చక్కెరేననీ, రక్తంలో సైతం ఆ తీపి ఉంటుందనీ 1776లో మాథ్యూ డాబ్సన్ నిరూపించాడు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో స్టాన్లీ బెనెడిక్ట్ రూపొందించిన నీలిరంగు ద్రావణం పరీక్షను సులభతరం చేసింది. చక్కెర ఉన్నకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగులను దాటి ఇటుకరంగుకు మారే ఆ ద్రావణం జీవశాస్త్రం చదివే విద్యార్థులకు ప్రయోగశాలలో సుపరిచితమే. ఆ కాలంలోనే రక్తంలోని చక్కెరను నేరుగా లెక్కగట్టే పద్ధతి కూడా వచ్చింది. దాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరైన ఆటో ఫోలిన్ నాయకత్వం వహించిన హార్వర్డ్ జీవరసాయన విభాగంలోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేశాడనీ, దేహద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించాడనీ ఇక్కడ స్మరించుకోవడం అప్రస్తుతం కాదు.

మూత్రపరీక్షకు పెద్ద లోపం ఒకటుంది. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితేనే అది మూత్రంలోకి పొర్లుతుంది. చెరువు నిండి అలుగు పారితే తప్ప నీటిమట్టం తెలియనట్లు, రోగం ముదిరితే తప్ప ఈ పరీక్ష పలకదు. పైగా చెరువు అడుగంటితే అలుగు చెప్పగలిగేది ఏమీ లేదు. చక్కెర పడిపోవడం చక్కెర పెరగడంకంటె తక్షణ ప్రమాదం కాగా, ఆ ప్రమాదం గురించి మూత్రపరీక్ష సంపూర్ణ మౌనం వహిస్తుంది.

రక్తపు చుక్కను చదివే పరికరం 1970 ప్రాంతంలో అమెరికాలో వెలువడింది. కిలోకు మించిన బరువుతో, విద్యుత్తుతో పనిచేసే ఆ యంత్రాన్ని వైద్యులకు, ఆసుపత్రులకు మాత్రమే అమ్మేవారు. స్పృహతప్పి ఆసుపత్రికి వచ్చినవాడు మద్యం మత్తులో ఉన్నాడా, మధుమేహంవల్ల పడిపోయాడా అని తేల్చుకోవడం దాని ఉపయోగాలలో ఒకటి. రిచర్డ్ బెర్న్‌స్టైన్ అనే ఇంజనీరు దాని ప్రకటనను ఒక పత్రికలో చూశాడు. ఆయనకు 12 ఏళ్ళ వయస్సులో, 1946లో, మధుమేహం సోకింది. వైద్యులు చెప్పినవన్నీ తూచా తప్పకుండా పాటించినా, ముప్పైయవ పడిలోనే మూత్రపిండాలు దెబ్బతినే సూచనలు కనిపించాయి. రోగికి యంత్రం అమ్మబోమని తయారీదారులు చెప్పగా, వైద్యురాలైన భార్య పేరిట ఆయన దానిని తెప్పించుకొన్నాడు. రోజుకు పలుమార్లు వేలు గుచ్చుకొని, తిన్న ప్రతి పదార్థానికీ, వేసుకొన్న ప్రతి మోతాదుకూ ఎదురుగా అంకెలు రాసుకొన్నాడు. కొన్నేళ్ళలో ఆరోగ్యం కుదుటపడింది. తన అనుభవాన్ని వ్యాసంగా రాసి పంపితే వైద్యపత్రికలు తిప్పి పంపాయి. ఇంజనీరు మాట వైద్యులు వినరని గ్రహించి, 45 ఏళ్ళ వయస్సులో ఆయన వైద్యకళాశాలలో చేరి, వైద్యుడై, 2025లో 90 ఏళ్ళ వయస్సులో మరణించాడు. ఆయన ఆహారనియమాల విషయంలో వైద్యలోకంలో భిన్నాభిప్రాయాలున్నాయి. కొలిచే హక్కు రోగికి ఉండాలన్న ఆయన వాదం మాత్రం ఇంటింటా అమలైంది.

ఇప్పటి గ్లూకోమీటరు అరచేతిలో ఇమిడిపోతుంది. స్ట్రిప్పు కొనలో పూసిన ఎంజైము రక్తంలోని గ్లూకోజుతో చర్య జరపగా పుట్టే అతిసూక్ష్మ విద్యుత్ప్రవాహాన్ని యంత్రం కొలిచి, డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతుంది. ఆ ఎంజైముకు చక్కెరను గుర్తించడం తెలుసు. ఆ చక్కెర రక్తంలోదా, చర్మం మీదిదా అన్నది దానికి తెలియదు. ఈ చిన్న విషయం ఎంత పెద్ద అపాయానికి దారితీయగలదో తెలియడానికి గోదావరి తీరగ్రామంలోని ఒక ఇంటిని ఊహించుకోవచ్చు.

వేసవి సెలవులు. ఆ ఇంటి నాయనమ్మ ఉదయం, రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకొంటుంది. ఇంటర్మీడియట్ చదివే మనుమడు వేలు గుచ్చి అంకె చూసి చెబుతాడు. ఒకనాటి సాయంకాలం అంకె 318 అని వచ్చింది. 300 దాటితే అదనంగా ఎన్ని యూనిట్లు వేయాలో వైద్యుడు చీటీలో రాసియిచ్చాడు. మనుమడు సిరంజి అందుకొని, అనుమానంగా చూశాడు.

"నాయనమ్మా, మామిడిపండు తిన్నావు కదూ?"

"ఒట్టురా! మీకు రసాలు ఒలిచి పెట్టానే గానీ తొనైనా నోట పెట్టలేదు."

అతడు నమ్మలేదు. చిన్నపిల్లలు తాయిలం దాచినట్లు పెద్దలు తీపి దాచుకోవడం అతడు ఎరిగినదే. వేలిని స్పిరిటు దూదితో తుడిచే గుచ్చాడు గదా అన్నది అతడి ధీమా. ఆమె మాత్రం చేయి ముక్కు దగ్గర పెట్టుకొని, "ఇంకా రసం వాసన వస్తూనే ఉంది. ఆగు, చేతులు కడుక్కొస్తాను" అని లేచింది. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకొన్నాక మరొక వేలినుంచి తీసిన చుక్క 142 చూపింది.

మొదటి అంకెను నమ్మి అదనపు మోతాదు వేసివుంటే ఆమె చక్కెర నడిరాత్రి పాతాళానికి పడిపోయేది. నిద్రలోనే స్పృహ కోల్పోయినా ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. పండ్లు ఒలిచిన వేళ్ళను స్పిరిటుతో తుడిచినా తప్పుడు అంకెలు వస్తాయనీ, నీటితో కడిగితేనే సరైన అంకె వస్తుందనీ జపాను పరిశోధకులు 2011లో ప్రయోగపూర్వకంగా చూపారు. స్పిరిటు సూక్ష్మజీవులను చంపుతుందే గాని, అంటిన చక్కెరను కడిగివేయదు. నీళ్ళు దొరికేచోట నీళ్ళే మేలు. గుచ్చవలసింది వేలికొన నడుమ కాదు, పక్కన. అక్కడ నొప్పి తక్కువ. చుక్క రాలేదని వేలిని గట్టిగా పిండితే కణజాలంలోని నీరు కలిసి అంకె మారే అవకాశముంది. స్ట్రిప్పుల డబ్బామూత తెరిచి వదిలితే కోస్తా ఉక్కకూ, వంటగది ఆవిరికీ అవి చెడిపోతాయి. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడడం ఎంతమాత్రం తగదు. వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూతపెట్టకుండా చెత్తబుట్టలో వేస్తే, ఆ చెత్తను చేతితో వేరుచేసే పారిశుద్ధ్య కార్మికుల రక్తం ఆ సూదులకు బలి అవుతుంది.

అంకెను చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. ఉదయం పరగడుపున 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 దాకా ఉంటే హెచ్చరిక. 126గాని అంతకు మించిగాని ఉంటే మధుమేహాన్ని అనుమానించి ప్రయోగశాలలో నిర్ధారించుకోవాలి. ఇంటి యంత్రం రోగాన్ని కనిపెట్టుకొని ఉండటానికే గాని, రోగముందని తీర్పు చెప్పడానికి కాదు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం మంచి యంత్రానికి కూడా 100కు పైబడిన అంకెల్లో నూటికి 15 వంతుల తేడా అనుమతించబడింది. అందువల్ల నిన్న 150, నేడు 160 అని బెంగపడటంలోగాని, నిన్న 160, నేడు 150 అని పొంగిపోవడంలోగాని అర్థం లేదు.

70 లోపు అంకె విషయంలో మాత్రం ఆలస్యం కూడదు. చెమట, వణుకు, ఆకలి, గుండెదడ, మాట తడబాటు, కారణంలేని కోపం – ఇవి చక్కెర పడిపోయిందనడానికి గుర్తులు. మెలకువగా ఉండి మింగగలిగిన మనిషికి సుమారు 15 గ్రాముల గ్లూకోజుగాని, మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్ళుగాని ఇచ్చి, 15 నిమిషాల తరువాత తిరిగి పరీక్షించాలి. స్పృహ తప్పినవారి నోట ఏదీ పోయరాదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వారిని పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయడమే కర్తవ్యం.

చక్కెర సంగతి ఇలా ఉండగా, ఉష్ణం, నాడి, శ్వాస, రక్తపోటు అనే నాలుగు ప్రాణసంకేతాలు మధుమేహం ఉన్నవారికీ లేనివారికీ సమానమే. రక్తపోటును మొట్టమొదట కొలిచిన స్టీఫెన్ హేల్స్ గుర్రపు ధమనిలోకి గొట్టం గుచ్చి, రక్తం ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకడం గమనించి 1733లో ప్రకటించాడు. అటువంటి కొలత మనుషులకు ఉపయోగపడదు గదా! 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచ్చి చేతికి గాలిపట్టీ చుట్టే పద్ధతి కనుగొన్నాడు. 1905లో రష్యా శస్త్రవైద్యుడు కొరోట్కాఫ్ ఆ పట్టీ దిగువన స్టెతస్కోపు ఉంచి, రక్తప్రవాహపు చప్పుళ్ళను బట్టి పై అంకెనూ కింది అంకెనూ వేరుచేశాడు. ఇంటి యంత్రం చప్పుళ్ళకు బదులు పట్టీలోని కంపనాలను పసిగడుతుంది. అందువల్లనే కొలిచేవేళ కదలిక, మాట పనికిరావు. మంచం అంచున కాళ్ళు వేలాడదీసుకొని, ఫోనులో కూతురితో మాట్లాడుతూ కొలిపించుకొన్న బి.పి.కి ఎంత విలువ ఉంటుందో ఊహించవచ్చు. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చొని, వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి, చేయి గుండె ఎత్తున ఉంచి, నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రాసుకోవాలి. అరగంట ముందునుంచీ కాఫీ, పొగ కూడదు. తెల్లకోటు చూడగానే కొందరికి రక్తపోటు పెరుగుతుంది. కాబట్టి ఆసుపత్రిలో హద్దు 140/90 అయితే ఇంట్లో హద్దు 135/85గా వైద్యులు భావిస్తారు. ఇంటి ప్రశాంతతకు వైద్యశాస్త్రం ఇచ్చిన మినహాయింపు ఐదు అంకెలు!

థర్మామీటరు గురించి చెప్పవలసింది తక్కువ. 1867లో క్లిఫర్డ్ ఆల్‌బట్ దానిని ఆరంగుళాలకు కుదించాక అది వైద్యుని జేబులోకి, అక్కడినుంచి ఇంటిలోకి వచ్చింది. శ్వాసను లెక్కించడానికి యంత్రమే అక్కరలేదు, నిమిషం చూపే గడియారం చాలు. పెద్దవారు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి పీలుస్తారు. లెక్కిస్తున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరు మారుతుంది. కాబట్టి అనుభవజ్ఞులైన నర్సులు నాడి చూస్తున్నట్లు మణికట్టు పట్టుకొనే ఛాతీ కదలికను లెక్కిస్తారు. పాతకాలపు వైద్యుడు కన్నులు మూసుకొని నాడి చూశాడు, ఈ నర్సు నాడి నెపంతో కన్నులు తెరచి చూస్తుంది.

రక్తంలోని ప్రాణవాయువును చర్మం గుండా వెలుగు పంపి, నాడీస్పందన ఆధారంగా కొలవవచ్చునని జపాను ఇంజనీరు టకువో అయోయాగి 1974లో ప్రకటించాడు. 2021 వేసవిలో కరోనా రెండవ ఉప్పెన విరుచుకుపడినప్పుడు పల్స్ ఆక్సీమీటరు కోసం ఔషధ దుకాణాల ముందు జనం బారులు తీరారు. ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోవడం ఆ వ్యాధిలోని మాయ. 94 దిగువకు వస్తే ఆసుపత్రికి తరలించాలన్న ఒక్క సూత్రం ఎందరినో కాపాడింది. గోళ్ళరంగు, చల్లబడిన వేళ్ళు ఆ అంకెను తారుమారు చేస్తాయి. నల్లని మేనిఛాయ గలవారిలో ఈ పరికరం కొన్నిసార్లు ఉన్నదానికంటె ఎక్కువ అంకె చూపుతుందని అమెరికా వైద్యులు 2020లో ప్రకటించారు. అంకె బాగుండి మనిషి బాగులేనప్పుడు మనిషినే నమ్మాలి.

ఇక యంత్రం చేయలేని పని ఒకటుంది. ఏ స్థితిలో ఈ అంకె వచ్చిందన్నది యంత్రానికి పట్టదు. వైద్యుని దర్శనానికి రెండురోజుల ముందునుంచి తీపి మాని, అన్నం తగ్గించి, మంచి అంకె తెచ్చుకొని మురిసిపోయే పెద్దలు చాలామంది ఉన్నారు. పరీక్ష ముందురాత్రి మాత్రమే పుస్తకం తెరిచే విద్యార్థులకు వారిని నిందించే అర్హత లేదేమో! ఈ ఎత్తును చిత్తు చేసే పరీక్ష హెచ్‌బిఎ1సి. ఎర్రరక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ బతికినన్నాళ్ళూ చుట్టూ ఎంత చక్కెర ఉన్నదో దాని హిమోగ్లోబిను మీద ముద్రపడుతుంది. అందువల్ల రెండు మూడు నెలల సరాసరి బయటపడుతుంది. కణాలు ముందే నశించే సికిల్‌సెల్ వ్యాధి గలవారిలో, తీవ్రమైన రక్తహీనత గలవారిలో ఈ పరీక్ష కూడా తప్పు చెప్పవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల గిరిజన ప్రాంతాలలో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. అన్నింటికీ మించి, సరాసరి అనేది ఎత్తుపల్లాలను కప్పివేస్తుంది. ఆ ఎత్తుపల్లాలు నోటుపుస్తకంలో కనబడతాయి.

మామిడిరసం సంఘటన తరువాత ఆ గోదావరి తీరపు మనుమడు ఒక పాత రఫ్ నోటుపుస్తకంలో గళ్ళు గీశాడు. తేదీ, వేళ, అంకె, తిన్నది, మందు – ఈ ఐదూ రాసేవాడు. జూన్‌లో ముగ్గురూ, అంటే నాయనమ్మ, తండ్రి, అతడు, పట్టణంలోని వైద్యుని దగ్గరకు వెళ్ళారు. హెచ్‌బిఎ1సి బాగానే ఉంది. వైద్యుడు తృప్తిగా మందుచీటీ రాయబోతూ, పుస్తకం చూసి ఆగాడు. ఉదయం 11 గంటలకు వణుకు వచ్చిందని నాలుగుచోట్ల రాసి ఉంది. ఎదురుగా 61, 58, 64, 57. అన్నీ ఏడేసి రోజుల ఎడంతో.

"అమ్మా, శనివారాలు మీరు ఉపవాసమా?"

"ఉపవాసమేముంది బాబూ! పూజయ్యేదాకా ఏమీ ముట్టను. పన్నెండింటికి ఒక్కపొద్దు భోజనం. నలభై ఏళ్ళనుంచీ ఉన్నదే."

"మరి పొద్దుటి ఇంజెక్షను?"

"అది మానను. ఎనిమిదింటికి టంచనుగా వేస్తాడు మా మనవడు."

ఆమెకు శనివారం చెమటలు పట్టి, చేతులు వణికితే అది ఉపవాసపు నీరసమని ఇంటిల్లిపాదీ అనుకొన్నారు. దైవకార్యంలో ఆమాత్రం కష్టం తప్పదని ఆమె అనుకొన్నది. అడగలేదు గనుక ఎవరూ వైద్యునికి చెప్పలేదు. వ్రతం మానమని ఆ వైద్యుడు కూడా అనలేదు. పూజను ఎనిమిదింటికల్లా ముగించగలరా అని అడిగాడు. కుదరదన్నది ఆమె. అయితే శనివారం ఉదయపు మోతాదును ఇంత తగ్గించి, పన్నెండింటి భోజనానికి ముందే వేయాలని చీటీ మీద విడిగా రాసియిచ్చి, ఆరోజు రెండుసార్లు ఎక్కువగా పరీక్షించమన్నాడు.

ఇంటికి వచ్చాక ఆమె కళ్ళజోడు తెమ్మని, నోటుపుస్తకం అడిగి తీసుకొని, వేలితో ఒక్కొక్క గడినీ తడుముతూ చాలాసేపు చూసింది. తరువాత ఎర్రసిరా పెన్ను తెచ్చి శనివారాలన్నీ గుర్తుపెట్టమన్నది. తరువాతి శనివారం 11 గంటల గడిలో మనుమడు 112 అని రాశాడు.